హెచ్చరిక పుత్రుడు

ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. అర్థము పొసగని పదము కనబడినచో దానిని దాటి ముందునకు పోలేని దురభ్యాసము నాకు చిన్ననాటినుండియు కలదు. ఆదివారమున ఆలయములో వాక్యము చదువుచుండగా నా మనస్సు ఏదో యొక పదమును పట్టుకొని అక్కడనే నిలిచిపోవును. అయ్యగారి ప్రసంగము మాత్రము సాగిపోవుచునే యుండును. అట్లు నన్ను చాలకాలము నిలిపివైచిన పదమొకటి యున్నది. నేటి ప్రసంగము దానితో మొదలుపెట్టెదను.

అపొస్తలుల కార్యముల గ్రంథమున నాలుగవ అధ్యాయము చివర యోసేపు అను లేవీయు డొకడు కనబడును. కుప్ర ద్వీపమున పుట్టినవాడు. తన భూమి నమ్మి, ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టినవాడు. వారు అతనికి బర్నబా అని పేరు పెట్టిరి. ఆ పేరునకు 'హెచ్చరిక పుత్రుడు' అని మన తెలుగు బైబిలు అర్థము చెప్పుచున్నది. బాల్యమున ఇది నాకు వింతగా తోచెడిది. హెచ్చరిక యనగా మన మెఱిగిన దేమి? విద్యుత్ స్తంభమునకు పుఱ్ఱెబొమ్మతో కట్టిన రేకు. ఏటికి వరద వచ్చుచున్నదని ఊర వేయు టముకు. ఉన్న పొలము నమ్మి బీదలకు పెట్టిన సాధుపురుషునకు ఈ బెదిరింపు పేరేల యని నాకు సందేహము.

సందేహము తీరుటకు చాల ఏండ్లు పట్టెను. ఈ మాటకు మనవాడుకలో నేడు మిగిలినది ఒక తునక మాత్రమే. కన్నడమున ఎచ్చర మనగా మెలకువ. మన హెచ్చరికయు ఆ కుదుటిలోనిదే. భజన సంప్రదాయమున స్వామిని తోడ్కొని వచ్చునపుడు హెచ్చరిక యను పాట పాడుదురు; త్యాగరాజస్వామివారి ఉత్సవసంప్రదాయ కీర్తనలలో అట్టిది యున్నది. అందు భయపెట్టుట లేశమును లేదు. ప్రక్కన నడుచువాడు ప్రేమతో, అడుగు తడబడకుండునట్లు పలుకు పలుకది. నిద్రించు మనస్సును మేలుకొలుపుట, కూలబడినవానిని లేపి నిలుపుట, నడుచువానికి తోడు పలుకుట — ఇంత యర్థము ఆ పదములో ఇమిడియున్నది. మనము దానిని కరెంటు స్తంభమునకు కట్టి విడిచితిమి.

గ్రీకు మూలమున ఆ స్థానమున నున్న మాట పారాక్లేసిస్. 'పారా' యనగా చెంత. 'కలేయో' యనగా పిలుచుచున్నాను అని. చెంతకు పిలిచి, చెంత నిలిచి పలుకు పలుకన్నమాట. ఓదార్చుట, ధైర్యము చెప్పుట, బ్రతిమాలుట, బుద్ధి గఱపుట — ఇవి నాలుగును ఆ యొక్క మాటలో కలవు. తెలుగున దానికి సరితూగు పదమొకటి దొరకమి, అనువాదకులు ఒకచోట హెచ్చరిక యనియు, వేఱొకచోట ఆదరణ యనియు వ్రాసిరి. యోహాను సువార్తలో ప్రభువు శిష్యులకు వాగ్దానము చేసిన పరిశుద్ధాత్మకు ఆదరణకర్త యని పేరు గదా! అదియు ఆ ధాతువునుండి పుట్టినదే. అనగా పరిశుద్ధాత్మ చేయు పని యేదో, దాని పేరే అపొస్తలులు ఒక మనుష్యునకు పెట్టిరి. ఇంతటి బిరుదము మఱి యే శిష్యునకు దక్కెను?

దేవుడు మనకు ధైర్యము చెప్పు స్వరమును వినుట యొకటి, మనము ఇతరులకు ధైర్యము చెప్పుట వేఱొకటి యని వీనిని రెండు ప్రసంగములుగా పంచుకొనుట వాడుక. అవి రెండని నాకు తోచదు. దేవుని స్వరము ఎట్లు పలుకునో తెలిసికొనగోరువారు మొదట ఏలీయా కథ చూడవలెను.

కర్మెలు పర్వతముమీద బయలు ప్రవక్తల నోడించిన మహావీరుడు, ఆ వెంటనే యెజెబెలు రాణి పంపిన ఒక్క వార్తకు ప్రాణభీతిచే పరుగెత్తెను. బెయేర్షెబాలో సేవకుని విడిచి, ఒంటరిగా ఒక దినము ఎడారిలో నడిచి, ఒక చెట్టు క్రింద కూలబడి చావు కోరుకొనెను. మన బైబిలున అది బదరీవృక్ష మని యున్నది. మూలమున నున్నది రోతెము అను ఎడారి పొద. మన రేగు కాదు, చెప్పుకొనదగిన నీడయు దానికి లేదు. ఆ కొలది నీడలో అతడు నిద్రించెను. అప్పుడు దేవుడేమి చేసెను? బోధింపలేదు. నిన్నటి జయమును గుర్తుచేసి సిగ్గుపఱుపలేదు. దూత వచ్చి తట్టి లేపి, తినుమనెను. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మరల నిద్రించెను, నిద్రింపనిచ్చిరి. రెండవమాఱు లేపి మరల తినుమనెను. అలసినవానికి పరలోకమునుండి వచ్చిన మొదటి ఆదరణవాక్యము భోజనమునకు పిలుపే. మనము దీనిని చిన్నదిగా నెంచి, గుహయొద్ద జరిగిన సంగతికి త్వరపడి పోదుము.

ఆ బలముతో నలువది దినములు నడిచి అతడు హోరేబునకు చేరెను. అక్కడ పెనుగాలి, భూకంపము, అగ్ని. వీనిలో దేవుడు లేడు. పిమ్మట మెల్లని స్వరము. ఆ స్వర మడిగినది ఒక ప్రశ్న: ఇక్కడ నీకేమి పని యని. గాలికి ముందొకసారి, అగ్నికి తరువాత నొకసారి, రెండుమాఱులు. ఏలీయా రెండుమాఱులును ఒక్కటే పాఠమప్పగించెను: అందఱును చచ్చిరి, నే నొక్కడనే మిగిలితిని. ఇందొక విశేషము. కర్మెలునకు పూర్వమే ఓబద్యా అతనికి ఎదురై, తాను నూరుగురు ప్రవక్తలను గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించితినని స్వయముగా చెప్పియుండెను. ఏలీయా ఆ మాట చెవులార వినినవాడే. అయినను దుఃఖము లెక్కలు మఱపించును. దేవుడు అతనితో వాదింపలేదు, లెక్క దిద్దెను. బయలునకు మోకరింపనివారు ఏడువేలమంది యున్నారనెను. చేయవలసిన పనులు చెప్పెను. ఎలీషా యను సహచరుని చూపెను. భోజనము, విశ్రాంతి, ప్రశ్న, పని, తోడు. హోరేబు మార్గమున ఏలీయాకు దొరకినవి ఇవి.

ఇది దేవుని స్వరమా, లేక నా మనస్సు నాకు చెప్పుకొను ఊఱటయా యని అనేకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. చెవికి వినబడిన స్వరమేదియు నా యనుభవమున లేదు. ఎప్పుడో కంఠస్థము చేసిన వాక్య మొకటి, వేళ గాని వేళ, క్రొత్తగా పలికినట్లు మనస్సున తట్టుట నే నెఱుగుదును. దానిని ప్రభువు వాక్యముతోను నడవడితోను సరిచూడవలెనని పెద్దలు చెప్పుదురు, అది నిజము. నేను మఱియొక గుర్తు పెట్టుకొంటిని. నా మనస్సు చెప్పు ఊఱట యెప్పుడును నేనే మంచివాడననియు, తక్కినవారే దోషులనియు చెప్పి, నన్ను పొదక్రిందనే కూర్చుండబెట్టును. దేవుని స్వరము నా లెక్కలోని తప్పు చూపి, లేపి, ఒకరి యింటికి పంపును.

ఆ స్వరము తఱచుగా మనుష్యుల నోటనే వచ్చును. పౌలు మాసిదోనియకు వచ్చి, వెలుపల పోరాటముతోను లోపల భయముతోను క్రుంగియుండగా దేవుడు తన్ను ఆదరించెనని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పుకొనెను. ఎట్లు ఆదరించెను? దర్శనమిచ్చియా? కాదు, తీతు వచ్చుటవలన. ఒక మిత్రుడు గడపలో నిలువగా, దేవుడే పలుకరించినట్లు అపొస్తలుడు గ్రహించెను. ఆ పత్రిక ఆరంభముననే, శ్రమలో దేవునివలన తనకు కలిగిన ఆదరణ శ్రమలో నున్న యితరులకు పంచుటకే యని ఆయన వ్రాసెను. అందుచేతనే వినుటయు చెప్పుటయు రెండు కావని నేననునది. కాలువకు నీరు వచ్చుట, పొలమునకు పోవుటకొఱకే గదా!

పౌలునకు ఈ పాఠము నేర్పినవాడు బర్నబా యని నా యూహ. మతము మార్చుకొని సౌలు యెరూషలేమునకు వచ్చినపుడు, నిన్నటివఱకు తమ్ము చెఱసాలకీడ్చిన యితనిని శిష్యులెవ్వరును నమ్మలేదు. నమ్మనందుకు వారిని తప్పుపట్టజాలము. బర్నబా ఒక్కడు అతని చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనిపోయి పూచీపడెను. ఆ పూచీ తప్పిపోయినచో సంఘమంతయు ప్రమాదమున పడియుండును. ఒకనికి ధైర్యమిచ్చుట యనగా వానికొఱకు మన పరువును తాకట్టు పెట్టుట యని ఆ గ్రంథము చదివియే నేను నేర్చితిని. పిమ్మట అంతియొకయలో సంఘము వర్ధిల్లుట చూచి బర్నబా సంతోషించెనని యున్నది. ఇతరుల వృద్ధి చూచి సంతోషించుట సామాన్య గుణము కాదు, ఉపాధ్యాయులను కనిపెట్టి చూచినవారికి తెలియును. పని పెరుగగా తానొక్కడే పేరుతెచ్చుకొనక, తార్సునకు పోయి సౌలును వెదకి తెచ్చి, ఒక సంవత్సరము కలిసి బోధించెను. శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొట్టమొదట ఆ అంతియొకయలోనే వచ్చినది. మొదట బర్నబా, సౌలు అని వ్రాయుచు వచ్చిన గ్రంథకర్త, కుప్రయాత్ర తరువాత తఱచుగా పౌలు, బర్నబా అని వరుస మార్చి వ్రాసెను. పేరు వెనుకకు జరిగినందుకు బర్నబా అలిగినట్లు ఒక్క మాటయు లేదు.

కాని వారిరువురును తుదకు కలహించిరి. బర్నబాకు దగ్గఱి జ్ఞాతి యైన మార్కు మొదటి యాత్రలో పెర్గేయొద్ద వారిని విడిచి యింటికి మరలెను. రెండవ యాత్రకు అతనిని మరల తీసికొనిపోదమని బర్నబా. విడిచిపోయినవాడు వలదని పౌలు. తీవ్రమైన వాదము జరిగి వేఱైరి. పౌలు సీలతో ఒక త్రోవ, బర్నబా మార్కుతో కుప్రకు ఓడలో ఒక త్రోవ. గ్రంథము పౌలుతో పోవును. బర్నబా ఆ గ్రంథమునుండి ఆ ఓడతోనే మాయమగును. ఎవరిది న్యాయమో తీర్పు చెప్పుటకు నేను చాలను. ఏండ్లు గడచినపిమ్మట చెఱలోనుండి పౌలు తిమోతికి వ్రాయుచు, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు అతడు తనకు పరిచర్యకు పనికివచ్చువాడనియు చెప్పెను. రెండవ సువార్త వ్రాసినవాడు ఆ మార్కే యని ప్రాచీన సంఘము చెప్పుకొనినది. పనికిరాడన్నవానిని పనికివచ్చువానిగా చేసినది పౌలు తీర్పు కాదు, కుప్ర ఓడలో ప్రక్కన కూర్చున్నవాని ఓర్పు.

బర్నబాకును దోషము లేకపోలేదు. అంతియొకయలో అన్యజనులతో పంక్తిభోజనము మానిన పేతురు వెంట బర్నబాయు జాఱిపోయెనని గలతీయుల పత్రిక చెప్పుచున్నది. అందఱికి ప్రియము చెప్పు స్వభావముగలవానికి ఈ యపాయము దగ్గఱనే యుండును. ముఖప్రీతి వేఱు, ఆదరణ వేఱు.

ఆదరణవాక్యమునకు వెంటనే ఫలము కనబడవలెనన్న నియమము లేదు. బానిసల వ్యాపారమును మాన్పింప పూనిన విల్బర్ ఫోర్సునకు జాన్ వెస్లీ 1791 ఫిబ్రవరి 24వ తేదీన ఒక జాబు వ్రాసెను. వెస్లీకి అప్పటికి 87 ఏండ్లు. జాబు వ్రాసి వారము తిరుగకముందే, మార్చి 2వ తేదీన ప్రభువునందు నిద్రించెను. ఆఫ్రికావాసి యొకడు వ్రాసిన పుస్తకము ఆ యుదయమే చదివితిననియు, దేవుడే యీ పనికి నిన్ను లేపియుండనిచో మనుష్యుల విరోధముచే అరిగిపోదువనియు, ఆయన తోడైనచో ఎదుర్కొనగలవాడు లేడనియు దాని తాత్పర్యము. చూడుడు, ఆ వృద్ధుడు సులభముగా జయింతువని అబద్ధము చెప్పలేదు. ఏప్రిల్ నెలలో విల్బర్ ఫోర్సు బిల్లు 163 మందికి 88 మందిగా ఓడిపోయెను. బానిసల వ్యాపారము నిషేధమైనది 1807లో. బ్రిటిషు వలసలలో బానిసత్వమునే తొలగించు బిల్లు కామన్సు సభలో నెగ్గినదన్న వార్త విని, మూడు దినములకు, 1833 జూలైలో ఆయన మరణించెను. జాబు చేరిన నాటినుండి నలువదిరెండేండ్లు.

ధైర్యము చెప్పబోయి చెఱచినవారును కలరు. యోబు స్నేహితులు ముగ్గురు ఏడు పగళ్లును ఏడు రాత్రులును అతనితోపాటు నేలపై కూర్చుండి ఒక్క మాటయైన పలుకలేదు. వారు చేసిన మేలంతయు ఆ యేడు దినములలోనే చేసిరి. నోరు తెఱచినపిమ్మట సిద్ధాంతములు, దోషారోపణములు. మన భారతకథలో కర్ణునకు శల్యుడు సారథ్యము చేసిన తీరు తెలుగువారికి సామెతయే యైనది. రథము తోలుచునే రథికుని గుండె దిగజార్చుట. సముద్రతీరమున హనుమంతునికి జాంబవంతుడు పలికిన పలుకు ఒక రకము, శల్యుడు పలికిన పలుకు ఒక రకము. ఈ రెండు కథలను నేను పిల్లలకు ఏటేట రక్తి కట్టించి చెప్పుచుండెడివాడను. చెప్పుచునే నేను చేసినది ఇప్పుడు చెప్పవలసియున్నది.

తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు పద్యము చదువలేక తడబడుచుండెను. మహాప్రాణములు వాని నోట పలుకవు. ఖకారము కకారమగును, భకారము బకారమగును. ఒకనాడు నాకు విసుగు హెచ్చి, నలువదిమంది వినుచుండగా, నీ నోట సరస్వతి పలుకదు, పుస్తకము మూసి మీ నాయన వెంట పనికి పొమ్మంటిని. తరగతి నవ్వెను. బాలుడు పుస్తకము మూసి కూర్చుండెను. మఱుసటి నెలనుండి వాడు బడికి రాలేదు. ఇంటి పేదఱికము కారణమని నాకు నేను చెప్పుకొంటిని. అదియు కొంత నిజమే కావచ్చును.

ఏండ్లు గడచెను. నేను విరమించితిని. నా సహధర్మచారిణి ప్రభువునందు నిద్రించెను. నేను ఆలయమునకు పోవుట మానితిని. వచ్చినవా రందఱు వాక్యములు చెప్పిరి. ఆ వాక్యములన్నియు నాకు వచ్చును, వారికంటె స్ఫుటముగా వచ్చును. ఒక్కటియు లోనికి దిగలేదు. ఒక సాయంకాలము ఒకడు క్యారియరు పట్టుకొని వాకిట నిలిచెను. పొలము మోటార్లకు రాగితీగ చుట్టు దుకాణము నడుపుచున్నాడట. చేతులపై నూనె మరకలు. గుర్తుపట్టుటకు నాకు కొంత తడవు పట్టెను. "మా యింటిది పంపింది మాస్టారూ, వేడి చల్లారకముందు రెండు ముద్దలు తినండి" అనెను. అంతే. తిన్నంతసేపు కూర్చుండి, గిన్నెలు కడిగి తీసికొనిపోయెను. మఱునాడును వచ్చెను. నెల దినములు వచ్చెను. ఆ పాత మాట అతడెన్నడును ఎత్తలేదు. నేనును ఎత్తలేదు, ఎత్తుటకు నోరు రాలేదు.

పిమ్మట నా కంటికి శుక్లము తీసి, కొన్నాళ్లు చదువవలదని వైద్యులు చెప్పిరి. "నేను చదువుతాను మాస్టారూ" అని అతడే బైబిలు తీసెను. తెఱచిన చోట వచ్చినది రాజుల మొదటి గ్రంథము పందొమ్మిదవ అధ్యాయము. బదరీవృక్షమును 'బదిరి' అనెను. అలవాటు చొప్పున నేను దిద్దితిని. అతడు నవ్వి మరల చదివెను. దూత లేపి తినుమన్నచోట అక్షరము కూడబలుకుకొనుచు రెండుమాఱులు చదివెను. ఆ అధ్యాయము నేను నూఱుమాఱులు చదివియుందును. ఆనాడు మాత్రము బల్లపైనున్న క్యారియరు గిన్నెలవైపు చూచుచు వింటిని. ఆ ఆదివారము అతనితో కలిసి ఆలయమునకు పోతిని.

ఇప్పటికిని గురువారము సాయంకాలము వచ్చి చదువుచున్నాడు. మహాప్రాణములు ఇంకను పలుకవు. నేను ఇంకను దిద్దుచునే యున్నాను. అతని దుకాణములో రేడియో యున్నది. ఈ ప్రసంగము అతడు వినుచుండును. కావున ఒక్కమాట. నాయనా, ఆనాడు నలువదిమంది యెదుట నేనన్న మాట తప్పు. ఈనాడు ఇందఱి యెదుట దానిని వెనుకకు తీసికొనుచున్నాను. గురువారము త్వరగా రమ్ము. యిర్మీయా పదునాఱవ అధ్యాయముకడ ఆపితిమి.